చిలకలూరిపేట బస్సు, ఉరికంబం

1993 మార్చి 8 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వెళ్తున్న ఆర్టీసీ బస్సులో జనం నిద్రమత్తులో ఉన్నారు. దారిలో ఎక్కిన ఇద్దరు యువకుల దగ్గర పెట్రోలు డబ్బాలున్నాయి. ప్రయాణికులను బెదిరించి దోచుకోవాలన్నది వాళ్ళ పథకం. బస్సులో పెట్రోలు చల్లారు, నిప్పంటించారు. 23 మంది సజీవ దహనమయ్యారు.

ఒళ్ళంతా కాలి ఆస్పత్రిలో ఉన్న ఇద్దరి దగ్గర మేజిస్ట్రేటు వాంగ్మూలం తీసుకున్నారు. ఇక బతకరనుకుని రాసుకున్న మాటలవి. వాళ్ళు బతికారు. బతికారు కాబట్టి ఆ కాగితాలు మరణ వాంగ్మూలాలు కాకుండా పోయాయి. వాటిని సాక్ష్యంగా ఎంతవరకు తీసుకోవచ్చన్న చర్చ సుప్రీంకోర్టు దాకా నడిచింది. లా చదివేవాళ్ళకు ఆ తీర్పు ఇప్పటికీ సాక్ష్యాధార చట్టంలో ఒక పాఠం. కానీ నేరం ఎవరు చేశారన్న దాని మీద ఏ కోర్టుకూ సందేహం రాలేదు. 1995లో గుంటూరు సెషన్స్ కోర్టు ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖరారు చేసింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు అప్పీలును కొట్టేసింది.

మరణశిక్ష ఉండాలనేవాళ్ళు ఎప్పుడూ ఇలాంటి కేసునే ముందు పెడతారు. వద్దనేవాళ్ళు అమాయకుడు ఇరుక్కున్న కేసును ముందు పెడతారు. ఎవరికి అనువైన కేసు వాళ్ళు ఎంచుకుంటే వాదన తేలికవుతుంది గానీ ప్రశ్న తేలదు. అందుకే ఇక్కడ కష్టమైన చోటునుంచే మొదలుపెట్టాలి. హంతకులెవరో తెలుసు, చచ్చిపోయినవాళ్ళు ఏ పాపం ఎరగని 23 మంది. అలాంటప్పుడు కూడా ఉరి వద్దనడానికి కారణం ఉంటుందా? ఉందనే ఈ వ్యాసం చెప్పదలచుకుంది. ఆ కారణం హంతకుడి మీద జాలి కాదు. ఎవరిని ఉరి తీయాలో తేల్చే పని మన కోర్టులు, ప్రభుత్వాలు, రాష్ట్రపతి భవనం ఇన్నేళ్ళుగా ఎలా చేశాయో చూస్తే, ఆ పని వాళ్ళ చేతిలో పెట్టదగినది కాదని తెలుస్తుంది.

ముందు చట్టం సంగతి. హత్యకు శిక్ష ఉరి లేదా యావజ్జీవం. పాత ఐపీసీలో అది 302వ సెక్షను. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో 103వ సెక్షను. ఈ రెంటిలో ఏది మామూలు, ఏది మినహాయింపు అన్న లెక్క గత 70 ఏళ్ళలో పూర్తిగా తిరగబడింది. 1955 దాకా హత్య రుజువైతే ఉరే మామూలు శిక్ష. జడ్జి ఉరి వేయకపోతే ఎందుకు వేయలేదో కారణం రాయాల్సి వచ్చేది. 1955లో ఆ నిబంధన తీసేశారు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దాన్ని తలకిందులు చేసింది. అప్పట్నుంచి యావజ్జీవమే మామూలు, ఉరి వేస్తే ‘ప్రత్యేక కారణాలు’ రాయాలి. సెషన్స్ కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ఖరారు చేసేదాకా అమలు చేయడానికి వీల్లేదు.

ఆ మార్పును తీర్పుల్లోకి తెచ్చిన తొలి కేసుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిందే. 1974 నాటి ఈడిగ అనమ్మ కేసు. ఒక ఆడమనిషిని, ఆమె బిడ్డను చంపిన నేరానికి ఉరిశిక్ష పడిన యువతి ఆమె. నేరం రుజువైంది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ రుజువు దగ్గర ఆగలేదు. ఆమె వయసెంత, ఆమె మీద ఆధారపడిన పిల్లవాడి సంగతేమిటి, అత్తింటి నుంచి గెంటేసిన బతుకు ఎలా గడిచింది, ఉరినీడలో ఎంతకాలం ఉంది అని చూశారు. శిక్షను యావజ్జీవంగా మార్చారు. చేసిన పనిని తూచడం వేరు, చేసిన మనిషిని తూచడం వేరు అన్న తేడా ఆ తీర్పులో స్పష్టంగా కనిపిస్తుంది.

1980లో బచ్చన్ సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరణశిక్ష రాజ్యాంగబద్ధమేనంది. నలుగురు అటు, జస్టిస్ పి.ఎన్. భగవతి ఒక్కరు ఇటు. ఉరి ‘అరుదైన వాటిలోకెల్లా అరుదైన’ కేసుల్లో మాత్రమే వేయాలని, ఇక ఏ ప్రత్యామ్నాయమూ లేదని తేలితేనే వేయాలని ఆ తీర్పు చెప్పింది. నేరం ఎంత ఘోరమో చూస్తే చాలదు, నేరస్తుడు మారే అవకాశం లేదని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. ఇంత జాగ్రత్త చెప్పిన తీర్పు అది. భగవతి గారు తన భిన్నాభిప్రాయంలో ఎత్తిన ప్రశ్న వేరు. జాగ్రత్త సరే, ఆ జాగ్రత్త పడేది ఏ బెంచి, ఎవరి ముందు, ఎవరి విషయంలో? కేసు ఏ జడ్జి ముందుకొచ్చిందన్న దాన్నిబట్టి ప్రాణం ఉండటమో పోవడమో జరిగితే అది సమానత్వం ఎలా అవుతుంది?

ఆ ప్రశ్న గాల్లోంచి పుట్టింది కాదు. సరిగ్గా అదే రోజుల్లో ఉత్తరప్రదేశ్ కేసు ఒకటి సుప్రీంకోర్టు ముందుంది. ఒకే కుటుంబంలో నలుగురిని చంపిన కేసులో ముగ్గురికి ఉరి పడింది. ముగ్గురిదీ ఒకే పాత్ర. ఒకరి అప్పీలు వేరుగా ఒక బెంచి ముందుకెళ్ళింది, శిక్ష యావజ్జీవంగా మారింది. రెండో వ్యక్తి అప్పీలు ఇంకో బెంచి కొట్టేసింది. 1981 అక్టోబరు 6న అతన్ని ఉరి తీశారు. అదే రోజు ఉరి తీయాల్సిన మూడో వ్యక్తి రిట్ వేసి స్టే తెచ్చుకున్నాడు. విచారణకొచ్చినప్పుడు గానీ సహనిందితుడికి శిక్ష తగ్గిందన్న విషయం కోర్టు దృష్టికి రాలేదు. చివరికి అతని శిక్ష కూడా తగ్గించాలని రాష్ట్రపతికి కోర్టే సిఫారసు చేసింది. ముగ్గురి నేరం ఒకటే. ఒకడు బతికాడు, ఒకడు చచ్చాడు, ఒకడు చావు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. ఇందులో న్యాయసూత్రం ఏదో వెతికితే దొరకదు. ఏ ఫైలు ఏ బల్ల మీదికి వెళ్ళిందన్నదే దొరుకుతుంది.

ఇంతకన్నా కలవరపెట్టేది 2009లో బయటపడింది. సంతోష్ బరియార్ కేసులో సుప్రీంకోర్టు తన పాత తీర్పులనే కొన్నింటిని తిరగేసి, వాటిలో బచ్చన్ సింగ్ సూత్రాన్ని పాటించలేదని, నేరాన్ని మాత్రమే చూసి నేరస్తుణ్ణి చూడకుండా ఉరి ఖరారు చేశారని ఒప్పుకుంది. ఆ తీర్పుల కింద శిక్షపడిన వాళ్ళలో ఇద్దరిని అప్పటికే ఉరి తీసేశారు. 1996లో ఒకర్ని, 1997లో ఇంకొకర్ని. మిగిలినవాళ్ళనైనా బతకనివ్వమని 2012లో 14 మంది మాజీ న్యాయమూర్తులు రాష్ట్రపతికి రాశారు. పొరపాటైందని కోర్టు ఒప్పుకుంది, సరే. ఆ ఒప్పుకోలును వినడానికి ఆ ఇద్దరూ లేరు.

ఇవన్నీ శిక్ష కొలతలో వచ్చిన తప్పులు. మనిషినే తప్పుగా పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. మహారాష్ట్రలో 2003లో జరిగిన ఒక దారుణమైన దోపిడీ, హత్యల కేసులో సంచార జాతికి చెందిన ఆరుగురికి కింది కోర్టు ఉరి వేసింది. బొంబాయి హైకోర్టు ముగ్గురికి ఉంచి, ముగ్గురికి యావజ్జీవంగా మార్చింది. 2009లో సుప్రీంకోర్టు ఆ తగ్గింపు కూడా కుదరదని ఆరుగురికీ ఉరే అంది. పదేళ్ళు గడిచాయి. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు అదే కేసును మళ్ళీ విని, ఆరుగురూ నిర్దోషులంది. వాళ్ళలో ఒకడికి నేరం జరిగిన నాటికి పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదని అప్పటికే తేలింది. 16 ఏళ్ళు జైల్లో ఉన్నందుకు ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు ఇవ్వమని ఆదేశించింది. ఆ పదేళ్ళలో ఎప్పుడు ఉరి తీసినా కాగితాల ప్రకారం అంతా సక్రమమే. మూడు కోర్టులు దాటిన కేసు, దేశంలోకెల్లా పెద్ద కోర్టు ఖరారు చేసిన శిక్ష.

2023లో ఇంకొకటి. పుణెలో 1994లో జరిగిన సామూహిక హత్యల కేసులో ఉరిశిక్ష పడి, 25 ఏళ్ళకు పైగా ఉరినీడలో ఉన్న ఖైదీకి, నేరం జరిగిన రోజున 12 ఏళ్ళ 6 నెలలేనని స్కూలు రికార్డు ఆధారంగా సుప్రీంకోర్టు తేల్చింది. వెంటనే వదిలేయమంది. అప్పటికి జైల్లో 28 ఏళ్ళు గడిచాయి. ఒక పిల్లవాడి పుట్టినతేదీ తేలడానికి అంతకాలం పట్టింది.

ఇలాంటివి ఎక్కడో ఒకటీ అరా అనుకోవడానికి లేదు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో వెలువరించిన అధ్యయనం చూస్తే, కింది కోర్టులు ఉరి వేసిన వాళ్ళలో పై కోర్టుల దాకా వెళ్ళాక అయిదు శాతం మందికి కూడా ఆ శిక్ష నిలవలేదు. దాదాపు 30 శాతం మంది నిర్దోషులుగా బయటికొచ్చారు. రోగ నిర్ధారణలో ఇన్ని తప్పులు చేసే ఆస్పత్రిలో ఆపరేషనుకు ఎవరూ ఒప్పుకోరు. ఆ అధ్యయనమే ఇంకో సంగతి కూడా చెప్పింది. ఉరిశిక్ష పడ్డవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది పేదలు. 76 శాతం మంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల వాళ్ళు, మత మైనారిటీలు.

పేదవాళ్ళే ఎక్కువ హత్యలు చేస్తారు కాబట్టి వాళ్ళకే ఉరి పడుతోందన్న జవాబు కోర్టు గది ఎలా ఉంటుందో తెలియక వచ్చేది. హత్య కేసులో ముద్దాయి తరఫున లాయరు చేయాల్సిన పని రెండు దశల్లో ఉంటుంది. సాక్షులను అడ్డుపరీక్ష చేసి నేరం రుజువు కాకుండా చూడటం మొదటిది. రుజువయ్యాక, ఈ మనిషికి ఉరి ఎందుకు వద్దో చెప్పడం రెండోది. డబ్బున్నవాడికి మొదటి దశలోనే పేరున్న లాయరు ఉంటాడు. సాక్షులు అడ్డం తిరుగుతారు, కేసు అక్కడే పలచనవుతుంది. లేనివాడికి లీగల్ ఎయిడ్ లాయరు. ఆ లాయర్లలో మనసు పెట్టి పనిచేసేవాళ్ళు లేకపోలేదు. కానీ ముద్దాయి ఊరికెళ్ళి, వాళ్ళమ్మతో మాట్లాడి, చదివిన బడిలో రికార్డు తీసి, తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, మతిస్థిమితం ఎలా ఉంది అని ఆరా తీయడానికి వాళ్ళకు డబ్బూ ఉండదు, వ్యవధీ ఉండదు. ఎన్నో కేసుల్లో దోషి అని తేల్చిన రోజునే శిక్ష మీద వాదన ముగిసిపోతుంది. ‘ముద్దాయి వయసులో చిన్నవాడు, ఇంటికి ఆధారం, కనికరించండి’ అన్న రెండు మాటలే ఆ వాదన. ఆ తరవాత జడ్జి సంతకం చేసి పెన్ను పాళీ విరిచేస్తారు. ఉరి రాసిన కలం మళ్ళీ దేనికీ వాడకూడదని బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ.

కులం సంగతి తెలుగు నేల మీద చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను వెంటాడి నరికి చంపారు. ఆ కేసుకు ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, ఉరి ఎవరికీ పడలేదు. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. చుండూరు హత్యలకు రెండేళ్ళు నిండకుండానే జరిగిన చిలకలూరిపేట బస్సు ఘటనలో శిక్షపడిన ఇద్దరూ దళిత యువకులు, పేదవాళ్ళు. వాళ్ళ కేసు అయిదేళ్ళు తిరక్కుండానే సుప్రీంకోర్టు దాకా నడిచి, ఉరి తేదీ దాకా వచ్చింది. రెండు నేరాలనూ పక్కపక్కన పెట్టి ఇది పెద్దది అది చిన్నది అని తూచడం కుదిరే పని కాదు. ఒక ఫైలు అంత వేగంగా ఎలా కదిలింది, ఇంకోటి ఊళ్ళో కోర్టు పెట్టినా 16 ఏళ్ళు ఎందుకు పట్టింది అని అడగడం మాత్రం కుదురుతుంది, అడిగి తీరాలి.

ఉరి వేసేది కోర్టే అయినా చివరి మాట ప్రభుత్వానిది. రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతి, 161వ అధికరణం కింద గవర్నరు క్షమాభిక్ష పెట్టవచ్చు. రాష్ట్రపతి నడుచుకోవాల్సింది మంత్రివర్గం సలహా ప్రకారం. అంటే ఉరికంబం దగ్గర రాజకీయం తప్పకుండా ఉంటుంది. ఆదిలాబాద్ రైతుకూలీలు భూమయ్య, కిష్టాగౌడ్‌ల కథ దీనికి సాక్ష్యం. భూస్వాముల హత్య కేసులో వాళ్ళకు ఉరి పడింది. కె.జి. కన్నబిరాన్ లాంటి లాయర్లు చివరి దాకా పోరాడారు. దేశం నలుమూలల నుంచి విన్నపాలు వెళ్ళాయి. వచ్చింది ఎమర్జెన్సీ. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో వాళ్ళను ఉరి తీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఖైదీలను చర్లపల్లికి మార్చి ఆ స్థలంలో గాంధీ ఆస్పత్రి కట్టారు. ఓపీ చీటీ కోసం వరసలో నిలబడ్డ జనానికి తాము నిలబడ్డ నేల ఏమిటో తెలియదు.

చిలకలూరిపేట కేసు ఇందుకు పూర్తిగా తిరగేసినట్టుంటుంది. క్షమాభిక్ష తిరస్కరణ అయింది. 1997లో ఉరికి తేదీ పడింది. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి, తెలుగునాట పౌరహక్కుల సంఘాలు మళ్ళీ రాష్ట్రపతిని ఆశ్రయించడంతో ఆఖరి ఘడియల్లో ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఇద్దరి శిక్షనూ యావజ్జీవంగా మార్చారు. 1975లో ఎమర్జెన్సీ లేకపోతే భూమయ్య, కిష్టాగౌడ్ బతికేవాళ్ళా? 1998లో రాష్ట్రపతి భవనంలో ఇంకొకరుంటే ఆ యువకులు చచ్చిపోయేవాళ్ళా? ఈ ప్రశ్నలు అడగాల్సి రావడమే ఈ శిక్ష ఎంత అనిశ్చితమో చెబుతుంది. దొంగతనానికి పడే శిక్షలో కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోవచ్చు. ప్రాణం విషయంలో ఢిల్లీలో ఏ ప్రభుత్వం ఉందన్నది లెక్కలోకి రాకూడదు.

ఇక భయం సంగతి. ఉరి ఉంటేనే హంతకులు జంకుతారన్నది అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట. దీనికి మన దేశంలోనే ఒక పరీక్ష జరిగింది. తిరువాన్కూరు సంస్థానం 1944లో మరణశిక్ష రద్దు చేసింది. భారత యూనియన్‌లో కలిశాక 1950లో అది మళ్ళీ అమల్లోకొచ్చింది. ఉరి లేని 1945 నుంచి 1950 వరకు 962 హత్యలు జరిగాయి. ఉరి వచ్చాక 1950 నుంచి 1955 వరకు 967. అక్కడ ఉరి లేదని హత్యలు పెరగలేదు, ఉందని తగ్గలేదు.

ఎందుకలా అన్నది ఒంగోలు హైవే హత్యలు చూస్తే అర్థమవుతుంది. 2008లో జాతీయ రహదారి మీద ఇనుము లోడుతో వెళ్ళే లారీలను అధికారుల వేషంలో ఆపేవాళ్ళు. డ్రైవరును, క్లీనరును గొంతు బిగించి చంపి, వాగుల పక్కన పాతిపెట్టేవాళ్ళు. సరుకు అమ్ముకుని, లారీని ముక్కలు చేసి తుక్కుగా మార్చేసేవాళ్ళు. శవం లేదు, లారీ లేదు, మనిషి ఎటో పోయాడంతే. ఈ కేసుల్లో 2021లో ఒంగోలు కోర్టు 12 మందికి ఉరి వేసింది. ఆ ముఠా ఆ పని చేసిన రోజుల్లో హత్యకు ఉరిశిక్ష ఉండనే ఉంది. వాళ్ళకు అది తెలియనిదీ కాదు. వాళ్ళ ధీమా అంతా దొరకమన్న దాని మీదే. తప్పిపోయాడని భార్య స్టేషనుకు వచ్చిన మొదటి రోజునే కేసు కట్టి, చివరిసారి లారీ ఏ టోల్‌గేటు దాటిందో చూసి ఉంటే ఆ ధీమా మొదటి లారీతోనే పోయేది. 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. విచారణ ముగిసిన హత్య కేసుల్లో శిక్ష పడుతున్నవి సగానికి తక్కువే. మనిషిని చంపినవాడు బయటే తిరుగుతాడన్న అవకాశం సగానికి పైగా ఉన్నచోట, దొరికిన ఒకర్నో ఇద్దర్నో ఉరి తీసి భయం పుట్టించడం సాధ్యం కాదు.

క్షణికావేశంలో కత్తి ఎత్తినవాడు శిక్ష గురించి ఆలోచించడు. పథకం వేసినవాడు తప్పించుకునే దారి గురించి ఆలోచిస్తాడు. పరువు పేరుతో చంపించేవాడు జైలుకు పోయినా కులంలో తల ఎత్తుకు తిరగొచ్చనుకుంటాడు. 2018 నాటి మిర్యాలగూడ పరువు హత్య కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు తీర్పు ఇచ్చింది. సుపారీ తీసుకుని చంపినవాడికి ఉరి, మరో ఆరుగురికి యావజ్జీవం. సుపారీ ఇచ్చిన ప్రధాన నిందితుడు తీర్పు రాకముందే 2020లో చనిపోయాడు. డబ్బుకు కత్తి పట్టినవాణ్ణి ఉరి తీస్తే, ఆ డబ్బు ఇప్పించిన కులాభిమానం ఒక్క ఇంట్లోనైనా సడలుతుందని నమ్మడం కష్టం.

అయినా జనం ఉరి ఎందుకు అడుగుతారు? వాళ్ళను రక్తపిపాసులనడం అన్యాయం. పోగొట్టుకున్నవాళ్ళ నోట ఆ మాట వస్తే, దాని వెనక ఏళ్ళతరబడి కోర్టు మెట్లెక్కిన అలసట ఉంటుంది. వాయిదా, మళ్ళీ వాయిదా. నిందితుడు బెయిలు మీద అదే వీధిలో ఎదురుపడతాడు. చూసిన సాక్షి చూడలేదంటాడు. చివరికి యావజ్జీవం పడితే, ‘పధ్నాలుగేళ్ళకు వచ్చేస్తాడులే’ అని పక్కింటివాళ్ళే అంటారు. చట్టం ప్రకారం యావజ్జీవమంటే జీవితాంతం. పధ్నాలుగేళ్ళు అన్నది శిక్ష తగ్గింపు గురించి ప్రభుత్వం ఆలోచించడానికి ముందు గడవాల్సిన కనీస కాలం మాత్రమే. కానీ ఆ తగ్గింపు ఎవరికి దొరుకుతోంది? ఆంధ్రప్రదేశ్‌లో, మనుషుల ప్రాణాలు పోయిన కేసులో శిక్షపడ్డ ఒక రాజకీయ నాయకుడికి గవర్నరు శిక్ష తగ్గిస్తే, హతుడి కొడుకు సుప్రీంకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. కులం, మతం, రాజకీయ విధేయత చూసి క్షమాభిక్ష పెట్టడం చెల్లదని 2006లో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఇలాంటివి చూసిన జనం, జైలు తలుపు ఎప్పుడు ఎవరు తెరుస్తారో తెలియదు, ఉరైతేనే ఖాయం అనుకుంటారు. ఉరి కావాలన్న కోరికలో సగం యావజ్జీవం మీద నమ్మకం లేకపోవడమే.

ఆ అపనమ్మకం ముదిరితే ఎక్కడికి పోతుందో 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర చూశాం. దిశ కేసు నిందితులు నలుగురూ ఎన్‌కౌంటర్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ ఎన్‌కౌంటర్ కథనం నమ్మదగింది కాదని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. ఆ ఘటన వేడిలోనే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ, 21 రోజుల్లో ఉరితీర్పు. రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. 2019లోనే హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపను చెరిచి చంపిన కేసులో రెండు నెలలు నిండకుండానే ఉరి పడింది. నవంబరులో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. ఆ తొందర తల్లిదండ్రులకు మిగిల్చింది రెండోసారి దెబ్బే. ఉరి పడిందని విన్న రోజు ఒకటి, పోయిందని విన్న రోజు ఒకటి.

ఉరికీ పధ్నాలుగేళ్ళకూ నడుమ దారి ఉంది. 2008లో స్వామి శ్రద్ధానంద కేసులో సుప్రీంకోర్టు ఆ దారి వేసింది. 20 ఏళ్ళో, 30 ఏళ్ళో, బతికున్నంతకాలమో శిక్ష తగ్గింపు లేకుండా జైల్లోనే ఉండాలని తీర్పులోనే రాయవచ్చంది. 2015లో రాజ్యాంగ ధర్మాసనం కూడా దాన్ని ఖాయం చేసింది. బయట సమాజానికి రక్షణ, తప్పు బయటపడితే సరిదిద్దుకునే వీలు రెండూ ఇందులో ఉన్నాయి. ఎన్నటికీ విడుదల లేదన్న తీర్పు మనిషిలో మారాలన్న ఆశను చంపేస్తుందన్న అభ్యంతరం నిజమైనదే. అందుకే గడువు తీరాక విడుదల మీద నిర్ణయం జరిగితే, హతుల కుటుంబాన్ని పిలిచి వినాలి, కారణాలు రాతలో ఉండాలి, పంద్రాగస్టుకు వచ్చే మూకుమ్మడి జీవోలో ఆ పేరు కలిసిపోకూడదు. ఈ ఒక్కటి పద్ధతిగా జరిగితే ఉరి అడిగే గొంతులు చాలావరకు నెమ్మదిస్తాయి.

ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం మినహా మిగతా నేరాలకు మరణశిక్ష రద్దు చేయమని జస్టిస్ ఎ.పి. షా నాయకత్వంలోని లా కమిషన్ 2015లోనే చెప్పింది. పార్లమెంటు అటు నడవలేదు. కొత్త న్యాయ సంహితలో ఉరి పడగల నేరాల సంఖ్య పెరిగింది. మూకదాడి హత్య కూడా ఆ జాబితాలో చేరింది. అమలు మాత్రం అతి తక్కువ. ఈ శతాబ్దంలో ఉరి తీసింది ఎనిమిది మందిని. 2004లో ఒకరు, 2012, 2013, 2015ల్లో ఒక్కొక్కరు, 2020 మార్చి 20న తీహార్‌లో నిర్భయ కేసు దోషులు నలుగురు. కింది కోర్టులు మాత్రం ఒక్క 2023లోనే 120 మందికి ఉరి వేశాయి. ఆ ఏడాది ముగిసేసరికి 561 మంది ఉరినీడలో ఉన్నారు. వీళ్ళలో చాలామందికి ఆ శిక్ష నిలవదని లెక్కలు చెబుతూనే ఉన్నా, ఎవరికి నిలవదో తెలియక అందరూ రోజూ చస్తూనే ఉంటారు.

కొంత మార్పు మొదలైంది. ఉరి అడిగే ప్రతి కేసులో ముద్దాయి బాల్యం, చదువు, కుటుంబం, మానసిక స్థితి, జైల్లో నడవడిక గురించి నివేదికలు తెప్పించుకున్నాకే శిక్ష సంగతి తేల్చాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. శిక్ష మీద వాదనకు నిజమైన వ్యవధి ఇవ్వడం ఎలాగన్న ప్రశ్నను అదే ఏడాది సెప్టెంబరులో రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. 1995లో గుంటూరు కోర్టులో అలాంటి నివేదిక అడగాలన్న నియమమే లేదు. బస్సు తగలబెట్టిన ఆ ఇద్దరు ఎవరు, ఎక్కడినుంచి వచ్చారు, ఎలా బతికారు అన్నది చెప్పడానికి జనం కదిలింది తీర్పులన్నీ ముగిసి ఉరికి తేదీ పడ్డాక. ఆ వివరాలు చేరిన చోటు కోర్టు కాదు, రాష్ట్రపతి భవనం.